ఆర్డర్లు పెరిగాయి, పైసలు ఎప్పుడొస్తాయి? విమాన విడిభాగాల పనిలో దిగే ముందు వీపనగండ్ల కుటుంబాలు వేసుకోవాల్సిన లెక్క

వీపనగండ్ల నుంచి పెబ్బేరు దాకా వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ దాటి నేరుగా శంషాబాద్ చేరుకోవచ్చు. పాలమూరు జనం కూలి పనికి, చదువుకు, గల్ఫ్ విమానం ఎక్కడానికి ఏళ్లుగా పట్టే దారి ఇదే. ఆ దారి చివర ఇప్పుడు విమానాశ్రయంతో పాటు విమాన ఇంజన్లు బాగుచేసే కర్మాగారం కూడా ఉంది. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఆదిబట్లకు వెళ్తే హెలికాప్టర్ బాడీలు, విమానం తోక భాగాలు తయారవుతున్నాయి. కంచన్‌బాగ్‌లో క్షిపణులు, బాలానగర్ షెడ్లలో వాటికి కావాల్సిన చిన్న చిన్న విడిభాగాలు తయారవుతున్నాయి.

టీవీల్లో, వాట్సాప్‌లో ఈ వార్తలు చూసిన కుటుంబాల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తున్నాయి. పిల్లాడిని ఈ లైన్‌లో పెట్టొచ్చా? గల్ఫ్‌లో కూడబెట్టిన డబ్బుతో ఒక సీఎన్‌సీ మిషన్ కొని ఈ పనిలో దిగొచ్చా? రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి గానీ జవాబులు వేరు. మొదటిదానికి చాలావరకు ‘అవును’ అనొచ్చు. రెండోదానికి జవాబు, చేసిన పనికి డబ్బు వచ్చేదాకా ఆ కుటుంబం ఎన్ని నెలలు ఆగగలదు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ రంగంలో పని దొరకడం కన్నా డబ్బు కోసం ఆగడమే కష్టం. ఆ ఆగే భారం పైనుంచి కిందికి దిగుతూ చివరికి అందరికన్నా చిన్న షెడ్డు మీద పడుతోంది.

హైదరాబాద్‌కు ఏమొచ్చింది

ఈ కథ కొత్తగా మొదలైంది కాదు. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని హైదరాబాద్‌లో మొదలయ్యాయి. డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా ఇక్కడికి వచ్చారు. మరుసటి ఏడాది క్షిపణుల అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. ఆ పనికి కావాల్సిన భాగాలు చేసిపెట్టడానికి బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, చర్లపల్లి వైపు చిన్న పరిశ్రమలు పెరిగాయి. లేత్ మీద చెయ్యి తిరిగిన ముస్లిం మిస్త్రీలకు ఈ షెడ్లు పరాయివి కావు.

గత పదిహేనేళ్లలో వచ్చిన మార్పు ఏంటంటే, విదేశీ కంపెనీలు నేరుగా ఇక్కడికి వచ్చాయి. ఆదిబట్లలో టాటా కంపెనీ లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సీ-130జే రవాణా విమానం తోక భాగాలు చేస్తోంది. టాటా-బోయింగ్ ఉమ్మడి కంపెనీ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజ్‌లేజ్‌లు, అంటే ప్రధాన బాడీలు, పంపుతోంది. 2023లో బోయింగ్ 737 విమానానికి నిలువు తోక రెక్కను కూడా పంపడం మొదలుపెట్టింది. రఫేల్ యుద్ధ విమానం ఫ్యూజ్‌లేజ్‌ను హైదరాబాద్‌లో తయారు చేస్తామని 2025 జూన్‌లో డసో, టాటా కంపెనీలు ప్రకటించాయి. మొదటి భాగాలు 2028 ఆర్థిక సంవత్సరంలో బయటికి రావాలి. 2025 నవంబర్ 26న శంషాబాద్‌లో సాఫ్రాన్ కంపెనీ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. దాదాపు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి అది. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్లు బాగుచేసే స్థాయికి చేరాలన్నది లక్ష్యం.

దేశం మొత్తం లెక్క కూడా పెరిగింది. 2014-15లో రక్షణ ఉత్పత్తి విలువ 46,429 కోట్లు. 2024-25లో అది లక్షన్నర కోట్లు దాటింది. ఎగుమతులు 23,622 కోట్లకు చేరాయి. అయితే ఆ ఉత్పత్తిలో ప్రైవేటు రంగం వాటా 23 శాతమే. మిగతాదంతా ఇంకా ప్రభుత్వ సంస్థలదే. ప్రైవేటు వాటాలోనూ పెద్ద కంపెనీలు తీసుకునేది ఎక్కువ. వాటి కింద రెండో మెట్టు, మూడో మెట్టు సరఫరాదారులు ఉంటారు. మిషన్ కొని దిగుదామనుకునే కొత్తవాళ్లు చేరేది ఆ చివరి మెట్టు మీదే.

కొనేవాళ్లు మారారు, పద్ధతీ మారింది

ఒకప్పుడు చిన్న షెడ్డుకు కొనుగోలుదారు అంటే ప్రభుత్వ సంస్థ. టెండరు, పరిచయం ఉన్న అధికారి, బిల్లు కోసం తిరగడం. డబ్బు ఆలస్యమైనా మునిగిపోదన్న ధైర్యం ఉండేది. 2021 అక్టోబర్ 1న కేంద్రం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి, 41 ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా మార్చింది. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కూడా అందులో ఒక కంపెనీ కిందికి వెళ్లింది. అంతకుముందు సైన్యం నుంచి ఈ ఫ్యాక్టరీలకు నామినేషన్ మీద ఆర్డర్లు వచ్చేవి. ఇప్పుడు అవీ పోటీలో నిలబడాలి. ఫ్యాక్టరీకి ఆర్డర్ గ్యారంటీ లేకపోతే దాని మీద బతికే షెడ్డుకూ ఉండదు.

2025 నవంబర్ 1 నుంచి కొత్త రక్షణ కొనుగోళ్ల మాన్యువల్ అమల్లోకి వచ్చింది. 2009 నాటి పాత మాన్యువల్ స్థానంలో వచ్చిన దీనిలో చిన్న పరిశ్రమలకు మేలు చేసే మాటలు ఉన్నాయి. కొత్త వస్తువును అభివృద్ధి చేసే దశలో ఆలస్యమైతే జరిమానా వేయరు. ప్రోటోటైప్ తర్వాత కూడా జరిమానాను తగ్గించారు. దేశీయంగా తయారు చేసిన వస్తువుకు ఐదేళ్ల దాకా ఆర్డర్ భరోసా ఇవ్వొచ్చు. పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల దగ్గర ముందు ఎన్‌ఓసీ తీసుకోవాలన్న షరతు కూడా పోయింది.

కానీ ఈ వెసులుబాటు ఎవరికి? రక్షణ శాఖతో, సైన్యంతో నేరుగా ఒప్పందం ఉన్నవాళ్లకు. బాలానగర్‌లో ఒక షెడ్డు పెద్ద ప్రైవేటు కంపెనీకి జాబ్ వర్క్ చేస్తుంటే, దాని చేతిలో ఉండేది ఆ కంపెనీ రాసిన పర్చేజ్ ఆర్డర్ మాత్రమే. పైన జరిమానా మాఫీ అయినంత మాత్రాన కింద మాఫీ కాదు. పర్చేజ్ ఆర్డర్‌లో ఆ మాట రాసి ఉంటేనే అవుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న నిబంధన కూడా అంతే. భారత్ డైనమిక్స్, మిధాని లాంటి సంస్థలకు అది వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీలకు వర్తించదు.

ఇంకో మార్పు, మధ్య స్థాయి కంపెనీలు బాగా పెద్దవయ్యాయి. బాలానగర్‌లో చిన్న షెడ్డుతో మొదలైన ఆజాద్ ఇంజనీరింగ్ 2023 డిసెంబర్‌లో షేర్ మార్కెట్‌కు వెళ్లి 740 కోట్ల రూపాయల ఇష్యూ పూర్తి చేసింది. 1970లో మొదలైన ఎంటార్ టెక్నాలజీస్ 2021 మార్చిలో దాదాపు 596 కోట్ల ఇష్యూతో లిస్ట్ అయింది. ఆ ఎదుగుదల నిజం, గర్వపడాల్సిందే. అయితే అంత డబ్బు చేతిలో ఉన్న కంపెనీకి, ఇదివరకు బయట షెడ్డుకు ఇచ్చిన పనిని రేపు సొంత మిషన్ మీద చేసుకోవడం కష్టమేం కాదు. చిన్న షెడ్డు ఇవాళ వాళ్లకు సరఫరాదారు. రేపు అదే పనికి వాళ్లు పోటీదారులు కావచ్చు.

అమెరికాలో సమ్మె, ఆదిబట్లలో ఆగిన లెక్క

పత్తి ధర పడితే వీపనగండ్ల రైతుకు వెంటనే తెలుస్తుంది. విమాన భాగాల ధర, గిరాకీ ఎక్కడ పడతాయో ఇక్కడ కూర్చుంటే కనబడదు. 2019 మార్చిలో రెండు ప్రమాదాల తర్వాత బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలను ప్రపంచమంతా నేల మీదే ఆపేశారు. అమెరికాలో మళ్లీ ఎగరడానికి అనుమతి వచ్చింది 2020 చివర్లో. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా తలుపు స్థానంలోని ప్యానెల్ ఊడిపోయింది. అమెరికా నియంత్రణ సంస్థ 737 ఉత్పత్తి నెలకు 38 దాటకుండా పరిమితి పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో దాదాపు 33,000 మంది బోయింగ్ కార్మికులు సమ్మెకు దిగారు. ఏడు వారాలకు పైగా నడిచిన ఆ సమ్మెలో 737 లైన్ ఆగిపోయింది.

తోక రెక్క ఎంత బాగా చేసినా, అక్కడ లైన్ ఆగితే ఇక్కడ దాని అవసరం తగ్గుతుంది. పెద్ద కంపెనీ ఆ దెబ్బను తట్టుకుంటుంది. దాని కింద బ్రాకెట్లు, ఫిట్టింగులు చేసే షెడ్డుకు మాత్రం "ఈ నెల పంపొద్దు, వచ్చే నెల చూద్దాం" అని ఒక్క మెయిల్ వస్తుంది. కరెంటు బిల్లు, కిరాయి, మిషన్ వాయిదా ఆగవు.

దేశంలోపలి ఆర్డర్లకూ ఈ గొలుసు ఉంది. తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాలు 83 కొనడానికి 2021 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 2025 సెప్టెంబర్‌లో మరో 97 విమానాలకు ఒప్పందం అయింది. హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్ 2025 మే నెలలో ఈ విమానం మధ్య ఫ్యూజ్‌లేజ్‌ను మొదటిసారి తయారు చేసి హెచ్‌ఏఎల్‌కు అప్పగించింది. కానీ విమానానికి గుండె లాంటి ఇంజన్ అమెరికా నుంచి రావాలి. 2021లో ఆర్డర్ ఇచ్చిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ చేతికి రాలేదు. విమానం సైన్యం చేతికి వెళ్లడం ఆలస్యమైతే పైనుంచి కిందికి డబ్బు తిరిగే వేగమూ తగ్గుతుంది.

సుంకాల సంగతి వేరే. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత వస్తువుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. వస్తువును బట్టి మినహాయింపులు ఉన్నాయి, తర్వాత చర్చలూ నడిచాయి. అయినా అది ఒక పాఠం చెప్పింది. రెండు మూడేళ్లకు ధర ఖాయం చేసుకొని సంతకం పెట్టిన చిన్న సరఫరాదారు, మధ్యలో సుంకం గానీ లోహం ధర గానీ మారితే ఆ తేడా ఎవరు భరించాలో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఆగడానికి అయ్యే ఖర్చు

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక చిన్న షెడ్డు నెలకు 10 లక్షల రూపాయల పని చేసి బిల్లు పెడుతోంది అనుకుందాం. జీతాలు, కరెంటు, టూల్స్, కిరాయి, మిషన్ వాయిదా అన్నీ కలిపి నెల ఖర్చు 9 లక్షలు. మిగిలేది లక్ష. కాగితం మీద చూస్తే ఏడాదికి 12 లక్షల లాభం. బాగానే ఉంది.

సరుకు పంపాక తనిఖీకి 30 రోజులు, ఆ తర్వాత 45 రోజులకు డబ్బు వస్తే మొత్తం 75 రోజులు, అంటే రెండున్నర నెలలు. అప్పటిదాకా షెడ్డు నడవాలంటే జేబులో 22 లక్షల 50 వేలు ఉండాలి. తనిఖీ 30 రోజులే పట్టి, డబ్బు మాత్రం 120 రోజులకు వస్తే మొత్తం 150 రోజులు, ఐదు నెలలు. ఇప్పుడు జేబులో 45 లక్షలు ఉండాలి. పని అదే, ధర అదే, నాణ్యత అదే. అదనంగా 22 లక్షల 50 వేలు మాత్రం ఇరుక్కుపోయాయి. అది దాదాపు రెండేళ్ల లాభంతో సమానం.

బ్యాంకు నుంచి 12 శాతం వడ్డీకి తెస్తే ఈ అదనపు సొమ్ము మీద ఏడాదికి 2 లక్షల 70 వేలు పోతాయి. అంటే లాభంలో నాలుగో వంతు దగ్గర. సూద్ తీసుకోకూడదు, ఇవ్వకూడదు అనుకునే కుటుంబమైతే ఆ సొమ్మంతా సొంతంగా తేవాలి. పొలం అమ్మాలి, నగలు అమ్మాలి, లేదా బంధువుల దగ్గర ఖర్జ్-ఎ-హసనా అడగాలి. వీపనగండ్లలో జూరాల ఎడమ కాలువ నీళ్లు చూసిన పొలం ఒకసారి చేయి దాటితే మళ్లీ రాదు.

దీనికి ముందే ఇంకో ఎదురుచూపు ఉంటుంది. ఈ రంగంలో అడుగు పెట్టాలంటే ఏఎస్ 9100 అనే నాణ్యతా సర్టిఫికెట్ అడుగుతారు. ప్రతి కొత్త భాగానికి మొదటి పీసు చేసి, డ్రాయింగ్‌లో ఉన్న ప్రతి కొలతా రాసి నివేదిక ఇవ్వాలి. దాన్ని ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. అది ఆమోదం పొందేదాకా అసలు ఆర్డర్ మొదలు కాదు. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ లాంటి పనులకు వేరే గుర్తింపు ఉన్న యూనిట్ దగ్గరికే పంపాలి. లోహం ఏ కడ్డీ నుంచి వచ్చిందో కాగితం లేకపోతే పీసు ఎంత బాగున్నా తీసుకోరు. ఈ నెలలన్నీ కొత్త మిషన్ ఊరికే ఉంటుంది, వాయిదా మాత్రం నడుస్తుంది. చాలా జాబ్ వర్క్‌లలో ముడి లోహం కంపెనీయే ఇస్తుంది. అది మేలే. కానీ పీసు పాడైతే లోహం ఖరీదు షెడ్డు బిల్లులో కోసేస్తారా లేదా అన్నది ఒప్పందం చూస్తేనే తెలుస్తుంది. టైటానియం అయితే ఒక్క తప్పు ఒక నెల లాభాన్ని తినేయగలదు.

చట్టం ఉంది, అడగడానికి భయం ఉంది

చిన్న పరిశ్రమలకు డబ్బు ఆలస్యం కాకుండా చట్టం ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. సరుకు అందిన 15 రోజుల్లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే స్వీకరించినట్టు లెక్క. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన 43బీ(హెచ్) నిబంధన ప్రకారం, గడువులోగా చెల్లించని బాకీని కొనుగోలు కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపలేదు. డబ్బు నిజంగా ఇచ్చిన ఏడాదే చూపుకోవాలి. పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు ఈ నిబంధనను పట్టించుకోక తప్పదు.

వీటన్నిటికీ మొదటి మెట్టు ఉద్యమ్ రిజిస్ట్రేషన్. అది ఉచితం, ఆన్‌లైన్‌లో అవుతుంది. మొదటి ఆర్డర్ తీసుకోకముందే చేయించుకోవడం మంచిది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయాలి. బాకీ కోసం సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలు కంపెనీ ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి.

ఇంత మంచి చట్టం ఉన్నా ఫిర్యాదు చేయడానికి చిన్న సరఫరాదారు వెనకాడతాడు. ఉన్నది ఒక్క కస్టమర్. కేసు పెడితే పాత బాకీ రావచ్చు, కొత్త ఆర్డర్ మాత్రం ఆగిపోవచ్చు. అందుకే చట్టం కన్నా ముందు పనికొచ్చేది ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉండటం. పనిలో సగానికి మించి ఒకే కంపెనీ మీద ఆధారపడని షెడ్డుకు ‘డబ్బు ఇవ్వండి’ అని గట్టిగా అడిగే ధైర్యం ఉంటుంది. పంపు సెట్లు, ఫార్మా మిషన్లు, ట్రాక్టర్ భాగాల పని కూడా చేసుకుంటూ విమాన భాగాల వైపు నెమ్మదిగా వెళ్లే షెడ్డు, మొత్తం ఒకేసారి పందెం కాసిన షెడ్డు కన్నా ఎక్కువ కాలం నిలబడుతుంది.

సూద్ లేకుండా ఎలా

బ్యాంకుల వైపు సదుపాయాలు పెరిగాయి. పూచీకత్తు లేని రుణాలకు గ్యారంటీ పరిమితిని 2025లో 5 కోట్ల నుంచి 10 కోట్లకు పెంచారు. 250 కోట్లకు పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలు ట్రెడ్స్ వేదికల్లో చేరాలని కేంద్రం ఆదేశించింది. అక్కడ బిల్లును కొంత తగ్గింపుకు ముందే డబ్బుగా మార్చుకోవచ్చు. కానీ ఈ దారులన్నీ వడ్డీ మీదో, తగ్గింపు మీదో నడిచేవి. వీటిలో ఏది జాయిజ్, ఏది కాదు అన్నది ప్రతి కుటుంబం తాను నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. దేశంలో ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంకు 2017లో తేల్చేసింది.

మిగిలే దారి ముషారకా, అంటే భాగస్వామ్యం. నలుగురు కలిసి ఎల్‌ఎల్‌పీ పెట్టి, లాభనష్టాలు వాటా ప్రకారం పంచుకోవడం. ఒకరికి డబ్బు ఉంటుంది, ఒకరికి మిషన్ మీద చెయ్యి ఆడుతుంది, ఒకరికి లెక్కలు వస్తాయి. ఈ రంగానికి ఇది బాగా సరిపోతుంది కూడా, ఎందుకంటే ఐదు నెలలు ఆగే భారం నలుగురి మీద పడుతుంది.

కానీ ఇక్కడ ఒక పాత గాయం ఉంది. 2018లో హైదరాబాద్ హీరా గోల్డ్, 2019లో బెంగళూరు ఐఎంఏ వ్యవహారాల్లో ‘హలాల్ లాభం’ అన్న మాట నమ్మి డబ్బు పెట్టిన వేల ముస్లిం కుటుంబాల పొదుపు ఇరుక్కుపోయింది. నెలనెలా ఖాయంగా లాభం ఇస్తామన్న చోట అసలు ముషారకా లేనట్టే. విమాన విడిభాగాల పనిలో నెలనెలా ఖాయమైన లాభం ఉండదని పై లెక్కే చెబుతోంది. కాబట్టి ఎవరైనా ‘డిఫెన్స్ ఆర్డర్ ఉంది, నెలకు ఇంత ఇస్తాం’ అని ఊళ్లో డబ్బు పోగు చేస్తుంటే, పర్చేజ్ ఆర్డర్ కాగితం, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమనాలి. చూపకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

ఆ భాగం ఎక్కడికి పోతుంది

ముస్లిం కుటుంబాల్లో మరో ప్రశ్న కూడా ఉంది, బయటికి అడిగినా అడగకపోయినా. చేసిన భాగం చివరికి ఏ ఆయుధంలో చేరుతుంది? 2018 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో అదానీ-ఎల్బిట్ డ్రోన్ కర్మాగారం ప్రారంభమైంది. అక్కడ తయారైన హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. గాజా మీద దాడులు జరుగుతున్న రోజులవి. ఆయుధాల ఎగుమతి ఆపాలని వేసిన పిటిషన్‌ను అదే ఏడాది సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశాంగ విధానంలో కోర్టు జోక్యం చేసుకోలేదని చెప్పింది. ఇదే కంపెనీ 2024 జనవరిలో భారత నౌకాదళానికి దృష్టి-10 డ్రోన్‌ను కూడా అప్పగించింది.

మూడో మెట్టు షెడ్డుకు డ్రాయింగ్ మీద ఒక పార్ట్ నంబరు మాత్రమే కనిపిస్తుంది. అది ఏ దేశం విమానంలో చేరుతుందో చాలాసార్లు తెలియదు. తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఒక మార్గం ఉంది, ఎంచుకునే పనిలో. పౌర విమానాల ఇంజన్లు, 737 తోక రెక్కలు, అంతరిక్ష రాకెట్ల భాగాలు, విద్యుత్ టర్బైన్ల బ్లేడ్లు, ఇవన్నీ ఇదే మిషన్లు, ఇదే నైపుణ్యం అడుగుతాయి. 2018లో హైదరాబాద్‌లో మొదలైన స్కైరూట్ కంపెనీ 2022 నవంబర్‌లో దేశంలో మొదటి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. దేశ రక్షణ పనిని సేవగా చూసేవాళ్లూ ఉన్నారు, కలాం సాబ్ జీవితమే దానికి ఉదాహరణ. ఎవరి మనసుకు ఏది సరిపోతుందో వాళ్లే తేల్చుకోవాలి. కాకపోతే తేల్చుకోవడం ఆర్డర్ తీసుకునే ముందే జరగాలి, మిషన్ వాయిదా మెడ మీద ఉన్నప్పుడు కాదు.

పిల్లలకు దగ్గరి దారి

మిషన్ కన్నా ముందు చెయ్యి కావాలి. వీపనగండ్ల పిల్లలకు దగ్గర్లోనే వనపర్తిలో 1959లో మొదలైన కృష్ణదేవరాయ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా చేయొచ్చు. బీసీ-ఈ కింద వచ్చే ముస్లిం కుటుంబాలకు 4 శాతం, దూదేకుల వారికి బీసీ-బీ రిజర్వేషన్ వర్తిస్తాయి. కుల ధ్రువీకరణ పత్రం చివరి రోజు దాకా ఆపకుండా ముందే తెచ్చుకోవాలి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, సీఐటీడీ, టూల్ అండ్ డై డిప్లొమాతో పాటు సీఎన్‌సీ మీద చిన్న కోర్సులు కూడా నడుపుతోంది. ఈ రంగంలో ఆ పేరు తెలియని కంపెనీ ఉండదు.

రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ నుంచి మొదలుపెట్టింది. దాని అంచనా 2,324 కోట్లు. ఊరి లేత్ మిషన్ మీద నేర్చుకున్న పిల్లాడికి ఇక్కడ సీఎన్‌సీ, రోబోటిక్స్ చూసే అవకాశం దొరుకుతుంది. 30 మందికి పైగా సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఏడాది రెండేళ్లు అప్రెంటిస్‌గా చేసిన అనుభవం, ఊరికే కొన్న మిషన్ కన్నా విలువైనది.

ఇది అబ్బాయిల పనే అనుకోవడం కూడా పొరపాటు. కొలతల తనిఖీ, సీఎంఎం మిషన్ నడపడం, నాణ్యతా పత్రాలు, డిజైన్ ప్రోగ్రామింగ్, ఇవన్నీ ఏసీ గదిలో, కంప్యూటర్ ముందు జరిగే పనులు. మైనారిటీ గురుకులాల్లో చదివిన అమ్మాయిలకు డిప్లొమా తర్వాత ఈ దారి ఉంది. హాస్టల్, రవాణా, షిఫ్టు వేళలు ముందుగా కనుక్కుంటే ఇంట్లో పెద్దవాళ్ల సగం సందేహాలు అక్కడే తీరతాయి.

సంతకం పెట్టే ముందు

గల్ఫ్ డబ్బుతో షెడ్డు పెట్టాలనుకునే కుటుంబం కనీసం ఈ నాలుగు విషయాలు కాగితం మీద చూసుకోవాలి. డబ్బు ఇచ్చే గడువు ఎన్ని రోజులు, అది సరుకు పంపిన రోజు నుంచా, తనిఖీ అయిన రోజు నుంచా? పీసు రిజెక్ట్ అయితే లోహం ఖరీదు ఎవరిది? పైన లైన్ ఆగితే, ఇప్పటికే చేసి పెట్టిన సరుకు కంపెనీ తీసుకుంటుందా? మొదటి పీసు ఆమోదానికి ఎన్ని నెలలు పడుతుంది, ఆ నెలల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగోదానికి జవాబు ‘చూద్దాం’ అయితే, ఆ ఏడాది మిషన్ కొనడం మానేసి, ఇంట్లో ఒకరు ఈ కంపెనీల్లో ఉద్యోగంలో చేరి లోపలి పని చూడటమే మంచిది.

కంపెనీల వైపు, ప్రభుత్వం వైపు చేయాల్సింది కూడా ఉంది. ఫ్యాక్టరీ ప్రారంభోత్సవాల్లో పెట్టుబడి ఎన్ని కోట్లో చెబుతారు. కింది మెట్టు సరఫరాదారుకు ఎన్ని రోజుల్లో డబ్బు అందుతోందో ఎవరూ చెప్పరు. భూమి, రాయితీలు తీసుకునే ప్రతి పెద్ద కంపెనీ ఆ లెక్కను ఏటా బయటపెట్టాలని రాష్ట్రం షరతు పెట్టొచ్చు. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఈలోగా మస్జిద్ కమిటీలు, ఊరి చదువుకున్న యువకులు ఒక్క పని చేసినా చాలు. జుమా తర్వాత అరగంట కూర్చొని పాలిసెట్, సీఐటీడీ, ఐటీఐ ప్రవేశాల తేదీలు, ఉద్యమ్ నమోదు వివరాలు అందరికీ చెప్పడం, ఎవరైనా ఆర్డర్ కాగితం తెస్తే నలుగురూ కలిసి చదవడం.